లేజర్‌కి ముందు తేలాల్సింది మిషన్ పేరు కాదు, కార్నియా లెక్క

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 24 ఏళ్లు. మాది అల్లూరు దగ్గర పల్లె. మాకు రొయ్యల చెరువులున్నాయి, రాత్రిపూట ఏరియేటర్లు (నీళ్లకు గాలి పట్టించే మిషన్లు), మేత నేనే చూసుకుంటాను. ఎనిమిదో తరగతి నుంచి అద్దాలు వాడుతున్నాను. ఇప్పుడు కుడికంటికి మైనస్ 5.50, సిలిండర్ మైనస్ 1.25. ఎడమకంటికి మైనస్ 5.00, సిలిండర్ మైనస్ 0.75. రెండేళ్ల కిందట కుడికంటి సిలిండర్ 0.50 మాత్రమే ఉండేది. గట్టు మీద గాలికి కళ్లు దురదపెడతాయి, రుద్దుకుంటూ ఉంటాను. వైశాఖంలో నా పెళ్లి. నెల్లూరులో చూపించుకుంటే కార్నియా 508 మైక్రాన్లు ఉంది, లేజర్ చేయొచ్చన్నారు. బ్లేడ్ లేని లాసిక్ మంచిదా, స్మైల్ మంచిదా?

జవాబు: మీరు అడిగింది ఏ పద్ధతి అని. నాకు మాత్రం మీరు మాటవరసకు రాసిన రెండు సంగతులే ముఖ్యంగా కనిపిస్తున్నాయి. ఒకటి, రెండేళ్లలో ఒక్క కుడికంటి సిలిండరే (కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా లేనందుకు ఇచ్చే పవర్) 0.50 నుంచి 1.25కి పెరగడం. రెండు, కళ్లు రుద్దుకునే అలవాటు. 24 ఏళ్ల వయసులో ఈ రెండూ కలిసి కనబడితే కెరటోకోనస్ లేదని తేల్చుకున్నాకే లేజర్ మాట ఎత్తాలి.

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. కెరటోకోనస్‌లో అది ఒకచోట, ఎక్కువగా మధ్యకు కాస్త దిగువన, పల్చబడి ముందుకు పొడుచుకొస్తుంది. లేజర్ చేయడమంటే కార్నియాను ఇంకొంత పల్చన చేయడమే. అప్పటికే బలహీనపడ్డ దాన్ని మళ్లీ చెక్కితే కొన్ని నెలలకో, ఏళ్లకో అది ఉబ్బుతుంది. దీన్ని ఎక్టేసియా అంటారు. అప్పుడు మామూలు అద్దాలతో చూపు ఆనదు. గట్టి లెన్సులు పెట్టుకోవాలి, కొందరికి కార్నియా మార్పిడి దాకా వెళ్తుంది. అద్దాలు తీసేద్దామని వెళ్లినవాళ్లు అద్దాలతో కూడా చూడలేని స్థితికి వచ్చేది ఎక్కువగా ఈ దారిలోనే.

అందుకే 508 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనే ఒక్క అంకె చాలదు. అది ఏ పరికరంతో కొలిచారు, కార్నియా నడిమధ్యనా, అన్నిటికన్నా పల్చగా ఉన్న చోటా అని అడగండి. మీకు కావాల్సింది కార్నియా ముందు, వెనక రెండు వైపుల ఆకారాన్నీ చూపే టోమోగ్రఫీ స్కాన్. పెంటాక్యామ్ లాంటి మిషన్‌తో తీస్తారు. జబ్బు తొలిదశలో ముందు వైపు బాగానే ఉండి, వెనక వైపు మాత్రమే ఉబ్బు కనిపించే వాళ్లుంటారు. రంగుల ప్రింటు మీ చేతికి తీసుకోండి. కింది సగంలో ఎరుపు (వంపు ఎక్కువగా ఉన్న చోటు) ఒకచోట పోగుపడి ఉన్నా, కుడికంటి బొమ్మకూ ఎడమకంటి బొమ్మకూ పొంతన లేకపోయినా ఆగాల్సిందే. మీ ఎడమ కన్నుతో పోలికే ఇక్కడ పెద్ద సాక్ష్యం.

కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే అవి కార్నియా ఆకారాన్ని నొక్కేస్తాయి, స్కాన్ తప్పు చెబుతుంది. మెత్తటి లెన్సులైతే కనీసం 2 వారాలు, గట్టివైతే 3 నుంచి 4 వారాలు మానేశాకే స్కాన్‌కి వెళ్లండి. (లెన్సులతో చెరువులో దిగే అలవాటుంటే ఈ రోజే మానండి. ఆ నీళ్లలోని అకాంతమీబా అనే సూక్ష్మజీవి కంట్లో చేరితే నెలల తరబడి మందులు వాడినా ఒక పట్టాన లొంగదు.)

స్కాన్ బాగుందనే అనుకుందాం. ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక్కో డయాప్టర్ (అద్దాల పవర్ కొలిచే యూనిట్) పవర్‌కి సుమారు 15 మైక్రాన్లు చెక్కాలి. మీ కుడికంటికి సిలిండర్‌తో కలిపి 6.75 కాబట్టి దాదాపు 101 మైక్రాన్లు. లాసిక్‌లో పైన తెరిచే మూత, అంటే ఫ్లాప్, 110 మైక్రాన్లు అనుకోండి. 508లోంచి రెండూ తీసేస్తే అడుగున మిగిలేది 297. కనీసం 250 ఉండాలన్నది పాత నియమం, ఇప్పుడు చాలామంది 300 మిగలాలంటారు. ఇంకో లెక్క కూడా ఉంది. ఫ్లాప్, చెక్కింది కలిపి మొత్తం మందంలో 40 శాతం దాటకూడదు. మీకు 41 దాటుతోంది. అంటే మీరు గీత మీద నిలబడ్డారు. బ్లేడ్ లేకపోయినంత మాత్రాన ఈ లెక్క మారదు. ఫ్లాప్‌ని బ్లేడ్ బదులు ఫెమ్టో లేజర్‌తో మరింత సమంగా కోస్తారు, అంతే.

స్మైల్‌లో ఫ్లాప్ ఉండదు. 2 నుంచి 4 మిల్లీమీటర్ల చిన్న కోతలోంచి లోపలి పలుచటి ముక్కను లాగేస్తారు. పై భాగం పెద్దగా తెగదు కాబట్టి బలం కొంత నిలుస్తుందని చెబుతారు. నిజమే, కానీ తీసే ముక్క లాసిక్‌లో చెక్కే దానికన్నా కాస్త మందం. మీలాంటి పల్చటి కార్నియాలో అడుగున మిగిలేది ఇంకా తగ్గుతుంది.

నా ఓటు, స్కాన్ నిర్దోషంగా వస్తేనే సుమా, పీఆర్‌కేకి. ఇందులో ఫ్లాప్ లేదు. సుమారు 50 మైక్రాన్ల పై చర్మాన్ని తుడిచేసి నేరుగా చెక్కుతారు, అడుగున 357 దాకా మిగులుతుంది. దీని కష్టం దీనికుంది. మొదటి 3 రోజులు మంట, నీళ్లు కారడం, వెలుతురు చూడలేకపోవడం ఖాయం. 4, 5 రోజులు కట్టు లెన్సు ఉంచుతారు. చూపు పూర్తిగా కుదురుకోవడానికి వారాలు, ఒక్కోసారి 3 నెలలు పడుతుంది. ఎక్కువ పవర్ ఉన్నవాళ్లకు మచ్చలాంటి మసక రాకుండా ఆపరేషన్ సమయంలోనే మైటోమైసిన్ మందు అద్దుతారు. ఆ తర్వాత కొన్ని నెలలు ఎండలో నల్లద్దాలు లేకుండా గట్టెక్కకూడదు.

మీ పనికి కూడా ఇదే నప్పుతుంది. లాసిక్ ఫ్లాప్ మళ్లీ పూర్తి గట్టితనంతో అతుక్కోదు. రొయ్యల పట్టుబడి రోజున వలతాడు కంటికి బలంగా తగిలితే ఏళ్ల తర్వాత కూడా ఆ ఫ్లాప్ పక్కకు జరగొచ్చు. పీఆర్‌కేలో పక్కకు జరగడానికి ఫ్లాపే లేదు.

స్కాన్‌లో కెరటోకోనస్ తేలితే లేజర్ సంగతి మరిచిపోండి. రైబోఫ్లావిన్ చుక్కలు వేసి అల్ట్రావయొలెట్ కిరణాలు పెట్టే క్రాస్ లింకింగ్‌తో జబ్బు ముదరకుండా ఆపొచ్చు. అది చూపు పెంచడానికి కాదు, ఉన్నది నిలపడానికి. అద్దాలు తగ్గాలన్న కోరిక ఉంటే, జబ్బు నిలకడగా ఉందని తేలాక ఐసీఎల్ గురించి అడగొచ్చు. అది కంటి లోపల అమర్చే లెన్సు. దానికి కార్నియా వెనక కనీసం 2.8 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. కంటి లోపలి ఆపరేషన్ కనుక శుక్లం, ప్రెషర్ ముప్పు వేరేగా ఉంటుంది.

పెళ్లి తేదీకి సరిపెట్టాలని హడావిడి పడకండి. ఏడాదిలో పవర్ 0.50కి మించి మారకపోతేనే చేస్తారు, మీది ఇంకా కదులుతున్నట్టుంది. మారడం లేదని తేలినా పెళ్లికి కనీసం 2, 3 నెలల ముందైనా కావాలి, లేదా పెళ్లయ్యాక. హోమం పొగ, కళ్లకు కాటుక, గుప్పెళ్లతో మొహాన పడే తలంబ్రాలు... కొత్తగా ఆపరేషన్ అయిన కంటికి ఇంతకన్నా పరీక్ష ఉండదు.

మిగతా పరీక్షల్లో రెండు వదలొద్దు. కంటి తడి చూసే షిర్మర్ పరీక్షలో కాగితం 5 నిమిషాల్లో 10 మిల్లీమీటర్లు తడవాలి, 5 కన్నా తక్కువైతే ముందు పొడికన్నుకు వైద్యం చేయాలి. లేజర్‌లో కార్నియా నరాలు తెగుతాయి, తడి ఇంకా తగ్గి 6 నెలల నుంచి ఏడాది దాకా సతాయిస్తుంది. రెండోది రెటీనా. మైనస్ 5 ఉన్న కన్ను పొడుగ్గా ఉంటుంది, అంచుల్లో రెటీనా పల్చబడి చిల్లులు ఉండొచ్చు. లేజర్ అద్దాల పవర్‌ను తీసేస్తుందే గాని కంటి పొడుగును తగ్గించదు. అంచేత కళ్ల ముందు మెరుపులు, నల్లచుక్కలు ఒక్కసారిగా వస్తే ఆపరేషన్ తర్వాత కూడా ఆ రోజే పరుగెత్తాలి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడి ఉంటే తప్పక చెప్పండి.

చీకట్లో కంటిపాప బాగా విప్పారేవాళ్లకు కొత్తల్లో దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. హైవే మీద ఎదురు లారీ లైట్లు చీల్చినట్టు కొడతాయి. మీరు రాత్రిపూట బండి మీద చెరువుకు వెళ్లే మనిషి కాబట్టి మొదటి నెల ఆ డ్యూటీ ఇంకెవరికైనా అప్పగించండి. 4 వారాలు చెరువులో దిగొద్దు, ఏరియేటర్ తుంపర మీదకు రానివ్వొద్దు, సున్నం, బ్లీచింగ్ చల్లే చోట నిలబడొద్దు. తలస్నానం ఎప్పుడో డాక్టర్ చెప్పాకే. వారం రోజులు నిద్రలో కంటికి షీల్డ్ ఉండాలి. ఆపరేషన్ రోజున సెంటు పూసుకోవద్దు, ఆ ఆవిరికి లేజర్ పనితీరు తేడా వస్తుంది.

మైనస్ ఉన్నవాళ్లు 40 దాటాక అద్దాలు తీసి పేపరు చదువుకోగలరు. లేజర్ చేయించుకున్నవాళ్లకు ఆ వెసులుబాటు పోయి చత్వారం అద్దాలు వస్తాయి. ఇది తెలిసే ఒప్పుకోండి. ఆపరేషన్‌కి ముందున్న పవర్, కార్నియా కొలతల కాగితాలు జీవితాంతం దాచండి. శుక్లం వచ్చినప్పుడు లెన్సు పవర్ లెక్కకు అవి కావాలి. కార్నియా పల్చబడ్డాక కంటి ప్రెషర్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది కనుక నీటికాసుల పరీక్షలోనూ అవే ఆధారం. ఇంకోమాట, రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు సిద్ధమవుతున్న తమ్ముళ్లుంటే, లాసిక్ చేయించుకుంటే ఆ ఉద్యోగానికి అర్హత ఉండదు.

ఈలోగా కళ్లు రుద్దడం మానండి. దురద వస్తే చల్లటి నీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డ మూసిన రెప్పల మీద 5 నిమిషాలు ఉంచండి. అలర్జీకి ఓలోపటడిన్ లాంటి చుక్కలు డాక్టర్ రాస్తారు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వేసుకోవద్దు, ప్రెషర్ పెరిగి నరం దెబ్బతింటుంది. పరీక్షకు వెళ్లేటప్పుడు ఇంట్లో దొరికిన పాత అద్దాల చీటీలన్నీ తీసుకెళ్లండి, సిలిండర్ ఏ ఏడు ఎంత పెరిగిందో వాటిలోనే తెలుస్తుంది. రెటీనా చూడటానికి చుక్కలు వేస్తే 4, 5 గంటలు మసగ్గా ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు బండి నడిపేందుకు ఎవరినైనా తోడు తెచ్చుకోండి.