ఆయన ఫోన్‌కి ఇంకా చార్జింగ్ పెడుతున్నాను

ప్రశ్న: 2021లో మావారు కోవిడ్‌తో పోయారు. ఆస్పత్రిలోకి రానివ్వలేదు, ఆఖరి చూపు వీడియో కాల్‌లోనే. ఆయన ఫోన్‌కి ఇప్పటికీ రోజూ చార్జింగ్ పెడతాను. ‘ఇన్నేళ్లయినా ఇంకా ఏడుపేనా?’ అంటారంతా. ఇది జబ్బా?

జవాబు: ఫోన్‌కి చార్జింగ్ పెట్టడం జబ్బేమీ కాదమ్మా. ఎవరు పక్కన పెట్టేయమన్నా వినకండి. నేనడిగేది వేరు. రోజులో ఎక్కువసేపు ఆయన కోసమే తపిస్తూ, ఏ పనీ సాగక, మనుషులకు దూరంగా ఉండిపోతున్నారా? అయితే దానికి వైద్యంలో ‘దీర్ఘకాలిక శోకం’ అని పేరుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇది కనీసం 6 నెలలు ఉండాలి. 2022లో అమెరికా సైకియాట్రిస్టులు పెద్దవాళ్లకు 12 నెలలన్నారు.

ఆ కోవిడ్ రోజుల్లో మీకు పక్కన కూర్చుని ఏడ్చే మనిషి కూడా లేకుండా పోయింది. పలకరింపులు ఆగాయి, ఓదార్పు బృందాల సమావేశాలూ ఆగాయి, లేదా ఫోన్లలోకి మారాయి. అప్పుడు దొరకని సాయం ఇప్పుడు అడగడం ఆలస్యమేమీ కాదు. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

డిప్రెషన్ మాత్రలతోనే ఈ తపన తగ్గుతుందనుకోకండి. దీనికోసమే రూపొందించిన కౌన్సెలింగ్ ఉంది, సుమారు 16 సిట్టింగులు. ఆ చివరి కాల్ గురించి మీ చేత మెల్లగా చెప్పిస్తారు, తప్పించుకు తిరుగుతున్న చోట్లకి వెళ్లేలా ధైర్యమిస్తారు. బయటికి వెళ్లలేకపోతే వీడియోలోనైనా మాట్లాడొచ్చు. సైకాలజిస్టుని కలిసినప్పుడు ‘డల్‌గా ఉంటోంది’ అని సరిపెట్టకండి, ఫోన్ సంగతి కూడా చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.