గుడిలో దండలు మార్చుకుంటే పెళ్లయినట్టేనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు 23, ఆయనకు 26. ఇద్దరం హిందువులమే, కులాలు వేరు. చెర్వుగట్టు గుడిలో దండలు మార్చుకుందాం, రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాం అంటున్నాడు. నాయనమ్మేమో "నోటిమాట నమ్మి నేను ఆగమైన బిడ్డా, కాయితం లేంది ఇల్లు దాటకు" అంటోంది. తాత ఆమెను వదిలేసి ఇంకొకామెను చేసుకున్నాడు. పెళ్లి ఫొటో అయినా లేదని అప్పట్లో పెద్దమనుషులు ఆమె నోరు మూయించారట. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ నాయనమ్మ మాట వినండి. దానికి నేను ఒక్కటే కలుపుతాను: కాయితంతో పాటు తంతు కూడా ఉండాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం మీ ఇద్దరిలో ఒకరి ఆచారం ప్రకారమైనా పెళ్లి జరగాలి. తంతు లేకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో పెళ్లి అయినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు అన్నీ జరిపించుకోండి. ఫొటోలు తీయించండి, గుడి రసీదు దాచుకోండి, సాక్షులను వెంటబెట్టుకుని వెంటనే రిజిస్టర్ చేయించండి. ఆ అబ్బాయిని అనుమానించమని కాదు, రిజిస్ట్రేషన్ ఏ రోజో పెళ్లికి ముందే అడగండి.

తంతు వద్దనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అంటిస్తారు. ఇంట్లో తెలిసిపోతుందని టెన్షన్ ఉంటుంది, నిజమే. అయినా కులం వేరని అభ్యంతరం పెడితే అది చెల్లదు. 2018లో మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న ప్రణయ్‌ను ఎలా చంపారో మన జిల్లాలో అందరికీ తెలుసు. బెదిరింపులుంటే ముందే పోలీసులకు రాసివ్వండి.

మీరు అడగకపోయినా నాయనమ్మ గురించి చెప్పాలి. తాత బతికే ఉంటే, ఆమెకు ఆధారం లేకపోతే, ఇప్పుడు కూడా భరణం అడగవచ్చు. ఇన్నేళ్ల తర్వాత కుదరదని ఎవరైనా అంటే నమ్మకండి, దానికి గడువు లేదు. కేసు ఆమె ఉంటున్న చోటే వేయవచ్చు. పెళ్లి ఫొటో లేకున్నా, భార్యాభర్తలుగా కలిసి బతికారని చూపించే పాత రేషన్ కార్డు, ఓటరు జాబితా, పిల్లల స్కూలు రికార్డులో తండ్రి పేరు పనికొస్తాయి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి. ముందు ఆమె ట్రంకుపెట్టెలో ఏ కాగితాలున్నాయో ఇద్దరూ కూర్చుని చూడండి.