తోడేలు మనిషి సంగతి సరే, మీ మరిదికి టీకా వేయించారా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర లంక గ్రామం. నెల రోజులుగా రాత్రిపూట తోడేలులాంటి వింత జంతువు తిరుగుతోంది. ఒంటి మీద బొచ్చు లేదు, కళ్లు నిప్పుల్లా మెరుస్తున్నాయి. మనిషే అలా మారాడని ఊళ్లో అంటున్నారు. అలాంటి జబ్బు ఉందా? వారం కిందట రొయ్యల చెరువు కాపలాకు వెళ్లిన మా మరిది పిక్క మీద అది పంటితో గీరింది. పసరు కట్టించాం, మానిపోతోంది.
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: అమ్మా, అసలు విషయం మీరు ఆఖర్లో రాశారు. పుండు మానినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. అలాంటి జంతువు కాటుతో, గీరుడుతో సోకే రేబిస్ వైరస్ నరాల వెంట మెదడుకు చేరుతుంది. లక్షణాలు బయటపడటానికి మామూలుగా రెండు మూడు నెలలు, ఒక్కోసారి వారం, ఒక్కోసారి ఏడాది కూడా పడుతుంది. మంచినీళ్లు గొంతు దిగని స్థితి వచ్చాక మనిషిని దక్కించుకోవడం దాదాపు అసాధ్యం. వారం గడిచిపోయింది కదా, ఇప్పుడేం లాభం అనుకోకండి. 1886లో రష్యాలోని స్మోలెన్స్క్ ప్రాంతంలో పిచ్చి తోడేలు కరిచిన 19 మంది ఎన్నో రోజుల ప్రయాణం చేసి పారిస్‌లో రేబిస్ టీకా కనిపెట్టిన పాశ్చర్ దగ్గరికి చేరారు. వాళ్లలో 16 మంది బతికారు.

రక్తం వచ్చిందో లేదో మీరు రాయలేదు. అడవి జంతువు పన్ను దిగితే మేం తీవ్రమైన గాయంగానే చూస్తాం. టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అవసరం కావచ్చు, అది చూసిన డాక్టరే తేల్చాలి. చర్మంలోకి వేసే టీకా అయితే మొదటి డోసు తర్వాత 3, 7, 28 రోజులకు మళ్లీ వేస్తారు. నొప్పి లేదని మధ్యలో మానేయొద్దు. కరిచిన జంతువును పది రోజులు కనిపెట్టి చూద్దామన్న మాట కుక్కకు, పిల్లికి మాత్రమే.

పసరు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. పసరు, సున్నం, కారం, ఏదీ రేబిస్‌ను ఆపదు. పైగా కట్టు కట్టించాం కదా అన్న ధైర్యంతో ఆసుపత్రికి వెళ్లడం మానేస్తారు, ప్రాణం పోయేది అక్కడే. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద పావుగంట కడగాలి. ఈ మాట చెరువుల మీద కాపలా కాసే కుర్రాళ్లందరికీ చెప్పండి.

ఇక ఆ జంతువు. చూడకుండా ఫలానాదని చెప్పలేను. డెల్టాలో, కోరింగ మడ అడవుల్లో నక్కలున్నాయి. గజ్జి పట్టి బొచ్చు రాలి, తోలు మందమెక్కి ముడతలు పడితే నక్కనైనా కుక్కనైనా పోల్చుకోవడం కష్టం. కళ్ల మెరుపంటారా, వాటి కంట్లో లోపలున్న పొర టార్చి వెలుతురును తిప్పికొడుతుంది. మనుషుల్లో ఒళ్లంతా జుట్టు పెరిగే జబ్బు ఉంది, తాను జంతువునయ్యానని నమ్మే అరుదైన మానసిక సమస్యా ఉంది. ఏదీ మనిషిని తోడేలుగా మార్చదు. ఆ అనుమానంతో ఊళ్లో ఎవరి మీదా చెయ్యి చేసుకోనివ్వకండి.

ఇవాళే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. ఓపీ అయిపోతే క్యాజువాలిటీలో అడగండి. ఏ రోజు గీరింది, ఏం కట్టించారు, దాచకుండా చెప్పండి.