ఏ శాండర్ కొనాలి? మోటర్ కంటే ముందు టేబుల్ చూడండి

ప్రశ్న: ఇంట్లో ఒక చిన్న గదిని వర్క్‌షాప్‌లా చేసుకుని సెలవు రోజుల్లో చెక్క పని చేస్తున్నానండి. చిన్న పెట్టెలు, ఫోటో ఫ్రేములు, పిల్లల బొమ్మలు, ఈమధ్యే ఒక స్టూలు కూడా చేశాను. ఇన్నాళ్లూ గరుకు కాగితం పెట్టి చేత్తోనే రుద్దుతున్నా, ఇక ఓపిక లేదు. బల్ల మీద పెట్టుకునే శాండర్ కొందామని చూస్తే బెల్టూ డిస్కూ కలిసింది ఒకటి, స్పిండిల్‌ది ఇంకొకటి, సన్న బెల్ట్‌ది వేరొకటి, ఏది చూస్తే అదే కావాలనిపిస్తోంది. ఒక్కదానికే చోటుంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీరు చెప్పిన పనులకైతే బెల్టూ డిస్కూ కలిసిన మిషనే తీసుకోండి. అలాగని కనపడిన మొదటిది కొనేయకండి, ఏం చూసి కొనాలో కొంచెం వివరంగా చెప్తాను.

అంతకంటే ముందు ఒకటి తేల్చుకోవాలి. చేత్తో పట్టుకునే శాండర్‌ని మనం చెక్క దగ్గరికి తీసుకెళ్తాం, బల్ల మీద శాండర్ దగ్గరికి మాత్రం చెక్కనే తీసుకెళ్లాలి. అందుకే మీ స్టూలు పై పలక నున్నగా చెయ్యడానికి ఇది పనికిరాదు, దానికి చేత్తో పట్టే రాండమ్ ఆర్బిటల్ శాండరే కావాలి. బల్ల మీద శాండర్ పని ఆకారం దిద్దడం. రంపంతో కోసిన కొసని సరిగ్గా 90 డిగ్రీలకి తేవడం, ఫ్రేము మూల వెంట్రుకవాసి తేడా వస్తే సరిచెయ్యడం, బొమ్మ బండి చక్రాన్ని పెన్సిల్ గీత దాకా గుండ్రంగా తేవడం, ఇలాంటివన్నమాట. ఇది తెలియక కొని, పలకలు నున్నగా రావట్లేదని మూలన పడేసినవాళ్లని నేను చూశాను, పాపం మిషన్ తప్పేం లేదు అందులో.

ఇప్పుడు మీ పనుల్లో వంపులు ఎటువైపు ఉంటాయో చూసుకోండి. తిన్నటి కొసలు, బయటికి వంగిన అంచులు అయితే డిస్క్ చక్కగా చేస్తుంది. పొడుగ్గా ఉన్న అంచులైతే బెల్ట్ మీద బాగా వస్తాయి. లోపలికి వంగిన అంచు, అంటే గిన్నె అంచులాంటి పల్లం, అది డిస్క్ మీద అసలు రాదు, బెల్ట్ చివర రోలర్ ఉంటుంది కదా, దాని మీద పెట్టి కొంతవరకు చెయ్యొచ్చు, కానీ రోలర్ కంటే చిన్న వంపు దానికి అందదు. అలాంటి పనే ఎక్కువ ఉంటే అప్పుడు స్పిండిల్ శాండర్. అందులో ఉప్పుకాగితం గొట్టంలా చుట్టిన స్పిండిల్ గుండ్రంగా తిరుగుతూనే కిందకీ పైకీ కూడా కదులుతుంది, అలా కదలడం వల్ల ఒకేచోట గీతలు పడవు, కాగితమూ ఒక్కచోటే అరిగిపోదు. సన్నటి 1 అంగుళం బెల్ట్‌ది చిన్న బొమ్మల సందుల్లోకి వెళ్తుంది, పనిముట్లకి పదును పెట్టుకోడానికీ బాగుంటుంది, కానీ మొత్తం షాపుకి అదొక్కటే అంటే చాలదు.

సైజు సంగతి త్వరగా చెప్పేస్తా. 4 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల చుట్టు ఉన్న బెల్ట్, పక్కనే 6 అంగుళాల డిస్క్, చిన్న షాపుకి ఇది మామూలుగా సరిపోయే కొలత. 6 అంగుళాలు అంటే మొత్తం 6 వాడుకోగలం అనుకోవద్దు, డిస్క్‌లో కిందికి తిరిగే సగమే వాడాలి, కాబట్టి మీకు దొరికేది 3 అంగుళాల లోపే. అంతకంటే వెడల్పు కొసలు ఎక్కువ ఉంటే పెద్ద డిస్క్ చూసుకోండి.

మోటర్ గురించి అందరూ అడుగుతారు. 370 వాట్లు, అంటే దాదాపు అర హార్స్ పవర్ ఇండక్షన్ మోటర్ ఉంటే ఇంటి పనికి హాయిగా సరిపోతుంది. యూనివర్సల్ మోటర్, అంటే మిక్సీలో ఉండేలాంటిది, తేలిక, కానీ చప్పుడెక్కువ, గదిలో పెట్టుకుంటారు కాబట్టి చెవుల గురించి కూడా ఆలోచించండి.

అసలు చూడాల్సింది టేబులండి. నేను మొదట కొన్న మిషన్‌కి మోటర్ బ్రహ్మాండంగా ఉండేది, టేబుల్ మాత్రం రేకు మడిచి చేసింది. చెక్క పెట్టి కొంచెం నొక్కితే టేబుల్ కిందికి వంగేది, చెయ్యి తీస్తే మళ్లీ మామూలుగా కనపడేది. నాకా సంగతి తెలీక ఒక ఫ్రేము కోసం నాలుగు రోజులు కూర్చున్నా, ప్రతిసారీ కొస ఏటవాలుగానే వచ్చింది, రంపాన్ని అనుమానించా, మూలమట్టాన్ని అనుమానించా, ఆఖరికి నా చేతినే అనుమానించా. చివరికి టేబుల్ మీద బొటనవేలితో నొక్కుతూ మూలమట్టం ఆనిస్తే డిస్క్‌కీ దానికీ మధ్య వెలుతురు కనపడింది. అప్పట్నుంచి ఏ శాండర్ చూసినా ముందు టేబుల్ అంచు పట్టుకుని గట్టిగా నొక్కి చూస్తాను. మీరూ అదే చెయ్యండి. పోత ఇనుముదైనా మందపాటి అల్యూమినియందైనా పర్లేదు, వంగకూడదు, అంతే.

ఇంత పట్టుదల ఎందుకంటే లెక్క చూడండి. ఫ్రేము మూలలో 45 డిగ్రీల కోతలు రెండు కలుస్తాయి. ఒక్కో కోత అర డిగ్రీ ఒకేవైపు తప్పితే మూలకి 1 డిగ్రీ, నాలుగు మూలలకి 4 డిగ్రీలు. మూడు మూలలు బిగించి నాలుగోది కలపబోతే అది నోరు తెరుచుకునే ఉంటుంది. అందుకే టేబుల్‌తో పాటు మైటర్ గేజ్, అంటే చెక్కని కావాల్సిన కోణంలో ఆనించి టేబుల్ గాడిలో జరిపే పనిముట్టు, అది కూడా చూడాలి, గాడిలో అది అటూ ఇటూ ఊగుతుంటే టేబుల్ ఎంత గట్టిదైనా ఉపయోగం లేదు. వదులుగా ఉన్న గేజ్ పట్టా పక్కన సన్నటి టేపు ముక్క అంటిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఇంకో రెండు చూసుకోండి. టేబుల్‌కీ డిస్క్‌కీ మధ్య సందు ఒకటిన్నర మిల్లీమీటర్ దాటకుండా బిగించుకునే వీలు ఉండాలి, సందు పెద్దదైతే సన్నటి ముక్కని లోపలికి లాగేస్తుంది, దాంతోపాటు వేలు కూడా వెళ్లే ప్రమాదం. టేబుల్ వంచినప్పుడు ఆ సందు మారుతుంది, మళ్లీ సర్దాలి. రెండోది స్విచ్, కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటది మళ్లీ తిరగడం మొదలుపెట్టే స్విచ్ వద్దు.

ప్రశ్న: శాండర్ కొని నెల అయింది. డిస్క్ మీద పెడితే చెక్క కొసలు నల్లగా మాడిపోతున్నాయి. మోటర్ స్పీడ్ ఎక్కువైందా?

జవాబు: మోటర్ బాగానే ఉండి ఉంటుంది, డిస్క్ తత్వమే అది. 150 మిల్లీమీటర్ల డిస్క్ నిమిషానికి 2850 చుట్లు తిరుగుతుంటే అంచు దగ్గర కాగితం సెకనుకి 22 మీటర్ల పైనే పరిగెడుతుంది, అంచుకీ మధ్యకీ సగం దూరంలో 11 మీటర్లే, సరిగ్గా మధ్యలో ఏమీ లేదు. అంటే ఒకే డిస్క్ మీద ఒక్కోచోట ఒక్కో వేగం. మీరు బహుశా అంచు దగ్గరే ముక్కని ఆపి నొక్కుతున్నారు. ఆపకండి, అంచుకీ మధ్యకీ అటూ ఇటూ జరుపుతూ ఉండండి, ఒత్తిడి బాగా తగ్గించండి, కాగితం కోస్తుంది, మనం తోయాల్సిన పని లేదు.

గ్రిట్, అంటే కాగితం గరుకు నంబరు, ఎంత వేశారో రాయలేదు. నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నం. నేను డిస్క్‌కి 80, బెల్ట్‌కి 120 వేస్తాను, డిస్క్ మీద 150 దాటి వెళ్లను. నున్నగా రావాలని 220 వేసేవాళ్లు ఉన్నారు, అది కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది, రుద్దితే వేడి, వేడికి మాడు. ఎలాగూ డిస్క్ వదిలే గీతలు వంకర చాపాల్లా ఉంటాయి, వాటిని చివర్లో చెక్క పొర వెంట చేత్తో రుద్ది తీయాల్సిందే, కాబట్టి నునుపు పని డిస్క్ మీద పెట్టుకోవద్దు.

పైన్ లాంటి బంక కారే చెక్క అయితే కాగితం గరుకు మధ్యలో బంకా పొట్టూ ఇరుక్కుని మెరుస్తూ కనపడుతుంది. డిస్క్ తిరుగుతుండగా క్రేప్ రబ్బరు దిమ్మ తగిలిస్తే అదంతా ఊడొస్తుంది, కాగితం ఆయుష్షు బాగా పెరుగుతుంది. అలా శుభ్రం చేసినా మాడుస్తుంటే కాగితం అరిగిపోయినట్టే, మార్చేయండి. అరిగిన కాగితంతో పొదుపు చెయ్యబోయి మంచి చెక్క పాడుచేసుకోవద్దు.

ప్రశ్న: మా వర్క్‌షాప్ పడగ్గది పక్కనే. దుమ్ము గురించి భయంగా ఉంది. శాండర్ వెనకున్న గొట్టానికి సంచి కడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదండి, మీ భయం న్యాయమైనదే. చెక్క దుమ్ము మనుషులకి క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో తేల్చి మొదటి గ్రూపులో పెట్టింది. రంపపు పొట్టు కింద పడిపోతుంది, కనపడుతుంది, ఊడ్చేస్తాం. శాండర్ దుమ్ము అలా కాదు, మరీ సన్నటిది గాల్లోనే గంటలకొద్దీ తేలుతూ ఉంటుంది, సంచి గుడ్డలోంచి కూడా బయటికొచ్చేస్తుంది.

అందుకే కొనేముందే డస్ట్ పోర్ట్, అంటే మీరన్న ఆ వెనక దుమ్ము గొట్టం, చూడమంటాను. రెండున్నర అంగుళాల పోర్ట్ ఉంటే షాప్ వ్యాక్యూమ్ గొట్టం నేరుగా పడుతుంది, లోపల సన్న దుమ్ముని ఆపే ఫిల్టరు వేసుకోండి, లేకపోతే ఇటు పీల్చి అటు వదులుతుంది. డిస్క్‌కి ఒకటి, బెల్ట్‌కి ఒకటి వేరువేరు పోర్టులు ఉంటే ఇంకా మంచిది. వ్యాక్యూమ్ ఉన్నా సరే ఎన్95 మాస్క్ పెట్టుకోండి, మిషన్ ఆపిన వెంటనే తీసేయకండి, తలుపు మూసి కిటికీ తెరిచి కాసేపు ఉంచండి. ఆ బట్టలతో పడగ్గదిలోకి వెళ్లొద్దు.

ఇంకో మాట, అడగలేదు గానీ చెప్పాలి. చెక్క దుమ్ము నిండిన శాండర్ మీద మేకో ఉలో ఇనుపముక్కో రుద్దొద్దు. నిప్పురవ్వ వ్యాక్యూమ్ లోపలికి వెళ్లి పొట్టులో కూర్చుంటే మీరు అన్నీ కట్టేసి వెళ్లాక రాజుకుంటుంది. పదును పెట్టాలంటే ముందు వ్యాక్యూమ్ గొట్టం తీసేసి, మిషన్ మొత్తం శుభ్రం చేసి అప్పుడు పెట్టుకోండి.

ప్రశ్న: నా దగ్గర డ్రిల్ ప్రెస్ ఉంది. దానికే శాండింగ్ డ్రమ్ (ఉప్పుకాగితం చుట్టిన గుండ్రటి దిమ్మ) బిగిస్తే స్పిండిల్ శాండర్ కొనే పని తప్పుతుందా?

జవాబు: ఎప్పుడో ఒకసారి వంపు దిద్దడానికైతే తప్పుతుంది. బల్ల మీద ఒక పలక వేసి దానికి డ్రమ్ కంటే కాస్త పెద్ద కన్నం చెయ్యండి, డ్రమ్ అందులోకి కొంచెం దిగితే చెక్క అడుగు అంచు కూడా పూర్తిగా అందుతుంది. కాగితం ఒకచోట అరిగాక డ్రమ్‌ని పైకో కిందకో జరుపుకోండి, ఎందుకంటే ఇది స్పిండిల్ శాండర్‌లా తనంతట తాను కిందకీ పైకీ ఆడదు. గట్టిగా మాత్రం నొక్కొద్దు. డ్రిల్ ప్రెస్ పైనుంచి కిందికి పడే బరువుకి చేసింది, పక్కనుంచి తోస్తూ ఉంటే బేరింగులు దెబ్బతింటాయి, కొన్నిట్లో చక్, అంటే డ్రమ్‌ని పట్టి ఉంచే భాగం, ఊడి జారిపోతుంది కూడా. ప్రతి వారం గిటార్ బాడీలూ కుర్చీ కాళ్లూ చేసేవాళ్లయితే స్పిండిల్ శాండరే కొనుక్కోండి.