పన్నెండేళ్ల అబ్బాయికి మొదటి మోడల్ హైడ్రోప్లేన్ ఎలా ఉండాలి?

సియాటిల్ వేసవి ఉత్సవం సీఫెయిర్‌లో పడవ పందాలు చూసి వచ్చినప్పటి నుంచి మీ అబ్బాయి హైడ్రోప్లేన్ అనే పందెపు పడవకు రిమోట్‌తో నడిచే నమూనా తయారు చేస్తానని పట్టుబడుతున్నాడని, రెడీమేడ్ పడవ కొనాలా, చెక్కతో కట్టించాలా, మిథనాల్ కలిసిన ఇంధనంతో నడిచే నైట్రో ఇంజిన్ మంచిదా బ్యాటరీ మంచిదా అని అడిగారు. ఉద్యోగరీత్యా సియాటిల్ వచ్చిన తొలి రోజుల్లో ఈ పడవలు కట్టడం మొదలుపెట్టి, పదవీ విరమణ తరువాత కూడా పందాల్లో నడుపుతున్నవాడిగా నేను చెప్పేది ఇది: చెక్కతోనే కట్టించండి, బ్యాటరీతో నడిపించండి, మొదటి వేసవి అంతా వేగం ఊసు ఎత్తనివ్వకండి.

ఎందుకంటే మామూలు పడవ నీటిని చీల్చుకుంటూ పోతుంది గానీ, హైడ్రోప్లేన్ చెరువు మీదికి ఏటవాలుగా విసిరిన పెంకులాగా నీటిని తాకీ తాకకుండా పోతుంది. పరుగులో ఉన్నప్పుడు ముందు ఇరుపక్కలా పొడుచుకువచ్చి ఉండే స్పాన్సన్లనే భాగాల అడుగు అంచులు, వెనుక సగమే మునిగి తిరిగే ప్రొపెల్లర్, ఈ మూడు చోట్లే ప్రధానంగా నీటిమీద ఆనుతాయి. బరువులో కొంత భాగాన్ని కిందికి దూరిన గాలి మోస్తుంది. టెడ్ జోన్స్ రూపకల్పనతో ఆంకర్ జెన్సెన్ నిర్మించిన స్లో-మో-షన్ 4 పడవను స్టాన్లీ సేయర్స్ 1950 జూన్ 26న లేక్ వాషింగ్టన్‌లో గంటకు 160.323 మైళ్ల వేగంతో నడిపి, 1939లో మాల్కమ్ క్యాంప్‌బెల్ నెలకొల్పిన 141.74 మైళ్ల రికార్డును దాటింది ఈ పద్ధతితోనే. ఆ పడవ ఇప్పుడు సియాటిల్‌లోని మోహాయ్ మ్యూజియంలో పైనుంచి వేలాడుతూ ఉంటుంది. అబ్బాయిని తీసుకువెళ్లి దాని అడుగుభాగం తీరిగ్గా చూడనివ్వండి. ప్లాను కాగితం మీద అర్థం కానిది అక్కడ కంటికి తెలుస్తుంది.

మోసే ఆ గాలే హద్దు మీరితే ముక్కు పైకి లేచి పడవ వెనక్కి తిరగబడుతుంది. 1981లో అకపుల్కోలో బిల్ మన్సీ అనే మహా చోదకుడి ప్రాణం తీసింది ఇలాంటి ప్రమాదమే. మోడల్ చిన్నదైనా గాలి తీరు మారదు కనుక, మోటారు శక్తికంటే కొలతలు నిక్కచ్చిగా ఉండడం ముఖ్యం. వంపు లేని బల్లమీద ప్లైవుడ్ చట్రాన్ని బిగించి కట్టాలి. రెండు స్పాన్సన్ల అడుగు వాలు సాధారణంగా మూడు, నాలుగు డిగ్రీల మధ్య ఉంటుంది. అది ఎంతైనా సరే, రెండింటికీ ఒకటే కావాలి. గరిమనాభి, అంటే పడవ బరువంతా తూగే బిందువు, స్పాన్సన్ల వెనుక అంచుకు కొంచెం వెనుకగా పడాలి. బ్యాటరీని వెల్క్రో పట్టీమీద అటూ ఇటూ జరిపి దీన్ని సరిచేసుకోవచ్చు, పైగా ఆ బరువు పరుగంతా మారదు. నైట్రోలో ట్యాంకు ఖాళీ అవుతున్న కొద్దీ తూకం మారుతుంది, మిథనాల్ కలిసిన ఇంధనం విషపూరితం కూడా.

ప్రొపెల్లర్ దగ్గర మాత్రం తొందరపడకండి. ఉదాహరణకు ఆక్టురా ఎక్స్442 అంటే 42 మిల్లీమీటర్ల వ్యాసం, దానికి 1.4 రెట్లు పిచ్ (ఒక చుట్టుకు లెక్కప్రకారం ముందుకు సాగే దూరం). బెరీలియం కాపర్‌తో పోతపోసిన ఈ ప్రొపెల్లర్ మొద్దు అంచులతో వస్తుంది. రెక్కల ముందు అంచులను కత్తివాదరలా పదును పెట్టి, తరువాత రెక్కల తూకం చూపే బ్యాలెన్సర్ మీద పెట్టి చూడాలి. బరువైన రెక్క కిందికి దిగుతుంది. ఆ రెక్కను కొంచెం కొంచెంగా అరగదీస్తూ పోతే చివరికి ఏ స్థితిలో వదిలినా కదలకుండా నిలుస్తుంది. సమతూకం లేని ప్రొపెల్లర్ పుట్టించే అదురు షాఫ్టునూ బేరింగులనూ తినేస్తుంది. అయితే బెరీలియం ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం కాబట్టి ఈ పని పిల్లవాడికి అప్పగించవద్దు. తడి ఎమరీ కాగితంతో, మాస్కు, చేతితొడుగులు వేసుకుని మీరే చేయండి, లేదా పదును పెట్టి అమ్మేవారి దగ్గర కొనండి.

నీరు చేరినా మునగకుండా పడవ లోపల ఖాళీల్లో ఫోమ్ నింపడం, ప్రతి పరుగు తరువాత మోటారు నుంచి ప్రొపెల్లర్‌ను తిప్పే ఫ్లెక్స్ కేబుల్ బయటికి లాగి తుడిచి గ్రీజు రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. ముప్పై అడుగుల అసలు పడవలకు ఎనిమిదో వంతు నమూనాలతో పందాలు ఆడే ఆర్‌సీ అన్‌లిమిటెడ్స్ క్లబ్బు మీ దగ్గరలోనే ఉంది. ఆ నమూనాలు నాలుగడుగులకు కాస్త తక్కువ పొడవుంటాయి, ఖర్చూ ఎక్కువే. వాటి జోలికి ఇప్పుడే పోకుండా ఒక పందెం రోజున ఊరికే చూడడానికి వెళ్లండి. అబ్బాయి అడిగితే పడవను బోర్లించి స్పాన్సన్ల వాలు ఎలా కొలుస్తారో చూపించేవారు పడవలను సిద్ధం చేసుకునే పిట్‌లో తప్పక దొరుకుతారు.