క్యాసెట్టులో శ్రుతి ఎందుకు పెరిగింది? సమాధానం

మీ నాన్నగారు తిరుపతిలో కొన్న అన్నమయ్య కీర్తనల క్యాసెట్టు, యూట్యూబులో ఉన్న అదే పాట కన్నా అర శ్రుతి పైన మోగుతోందని, ఏది నమ్మాలో తెలియడం లేదని రాశారు. ముందు నిడివి కొలవండి. అర శ్రుతి అంటే వేగంలో సుమారు 6 శాతం తేడా. క్యాసెట్టులో 5 నిమిషాలు పట్టిన పాట యూట్యూబులో 5 నిమిషాల 18 సెకన్లు ఉంటే తేడా అంతా వేగానిదే. నిడివి సమానంగా ఉండి శ్రుతి మాత్రమే మారితే, ఎవరో సాఫ్ట్‌వేరుతో మార్చారన్నమాట. యూట్యూబు చేసే కాపీరైటు హక్కుల తనిఖీకి దొరక్కుండా కొందరు చేసే పని అది. ఆ యూట్యూబు కాపీని వదిలేయండి.

వేగానిదే అయితే నా అనుమానం మీ టేప్‌రికార్డరు మీద. బెల్టు సాగితే పాట నీరసంగా నడుస్తుంది. మీది పరుగెడుతోంది కాబట్టి మోటారు చూడాలి. చాలా మోటార్ల వెనుక చిన్న రంధ్రం, దాని లోపల వేగం సరిచేసే స్క్రూ ఉంటాయి. నిడివి తెలిసిన వేరే క్యాసెట్టు వేసి చూడండి. అదీ పరుగెడితే స్క్రూను వెంట్రుకవాసి తిప్పి మళ్ళీ కొలవండి. ఆ వేరే క్యాసెట్టు సరిగ్గా మోగితే మాత్రం, తప్పు మీ క్యాసెట్టుదో యూట్యూబుదో తేల్చడానికి ఆ పాట సీడీ ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోవాలి. తర్వాత తప్పుగా ఉన్న కాపీకి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో వేగాన్నే మార్చండి, శ్రుతిని విడిగా ముట్టుకోవద్దు.

ఏది బాగుందో పోల్చే ముందు రెండింటి ధ్వనీ సమానం చేయండి. కాస్త గట్టిగా మోగేదే మేలనిపిస్తుంది, చెవికి ఆ బలహీనత ఉంది.