యూనివర్సిటీ ఎల్‌ఎంఎస్ టీమ్‌లో డెవలపర్‌గా చేరితే సపోర్ట్ పని కెరీర్‌కి దెబ్బా?

మీకు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చు. ఒక యూనివర్సిటీలో మూడిల్ అనే ఎల్‌ఎంఎస్‌ని, అంటే ఆన్‌లైన్‌లో కోర్సులు, పరీక్షలు నడిపే సిస్టమ్‌ని చూసుకునే టీమ్‌లో అవకాశం వచ్చింది. పనిలో సగం డెవలప్‌మెంట్, సగం సపోర్ట్ అన్నారు. ఆ సపోర్ట్ వల్ల కెరీర్ వెనకబడిపోతుందేమోనని అడిగారు. చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి సూటిగా చెప్తాను: చేరండి, సపోర్ట్ వద్దని మాత్రం అడగకండి. ఈ రంగంలో ఏది తయారుచేయాలో, ఏది అక్కర్లేదో తెలిసేది టికెట్లు, అంటే వాడేవాళ్లు రాసి పంపే ఫిర్యాదులు చదివితేనే. టికెట్ల మొహం చూడకుండా కష్టపడి రాసిన ప్లగిన్లు (సిస్టమ్‌కి తగిలించే అదనపు భాగాలు) ఎవరూ వాడక మూలన పడి ఉండటం చాలాసార్లు చూశాను.

ఒక టికెట్ సంగతి వివరంగా చెప్తాను. ల్యాబ్‌లోకి వెళ్లాలంటే విద్యార్థులు ముందు ఒక సేఫ్టీ మాడ్యూల్ పూర్తి చేయాలి. అది స్కార్మ్ ప్యాకేజీ. అంటే స్లైడ్లు, ప్రశ్నలు అన్నీ కలిపి ఒక జిప్ ఫైల్‌గా ఎల్‌ఎంఎస్‌లో పెట్టే పద్ధతి. "ఎంత దూరం చేసినా, ఆపి మళ్లీ తెరిస్తే అదే పాత స్లైడ్ దగ్గరికి తీసుకెళ్తోంది" అని ఒక అమ్మాయి రాసింది. లెక్చరర్ తెరిచి నాలుగు స్లైడ్లు చూసి బాగానే ఉందన్నారు. సర్వర్ లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. పిల్లలు చేయకుండానే చేశామంటున్నారేమో అనే మాట కూడా వచ్చింది.

ఆ అమ్మాయిని స్క్రీన్ షేర్ చేయమని, బ్రౌజర్ కన్సోల్ (పేజీ లోపలి ఎర్రర్లు చూపించే చోటు) తెరిపించి, ఒక్కో స్లైడ్ తిప్పమన్నాను. ఒక చోటు దాటాక సేవ్ చేసే ప్రతి ప్రయత్నమూ ఫెయిల్ అవుతోంది. స్కార్మ్ 1.2 ప్రమాణంలో, విద్యార్థి ఎక్కడ ఆగారో గుర్తుపెట్టుకునే 'సస్పెండ్ డేటా' 4,096 అక్షరాలు మించకూడదు. ఈ మాడ్యూల్ పెద్దది, ప్రతి స్లైడ్‌లో ప్రతి క్లిక్కునీ దాచుకుంటోంది. పరిమితి దాటగానే మూడిల్ ఆ డేటాను బ్రౌజర్‌లోనే తిప్పికొడుతోంది. విషయం సర్వర్ దాకా వెళ్లదు, ఇక లాగ్‌లో ఏముంటుంది? ప్యాకేజీ ఆ ఎర్రర్‌ని పట్టించుకోదు, విద్యార్థికి ఏమీ చెప్పదు. లెక్చరర్ చూసిన నాలుగు స్లైడ్లలో ఇది బయటపడే అవకాశమే లేదు.

మందు చిన్నదే. మూడిల్ స్కార్మ్ సెట్టింగుల్లో 'స్టాండర్డ్స్ మోడ్' అని ఒకటుంటుంది. దాన్ని ఆపేస్తే 1.2 ప్యాకేజీలు కూడా ప్రమాణం కన్నా ఎక్కువ డేటా దాచుకోగలవు. అది మార్చాం, కొత్త మాడ్యూళ్లు చిన్న ముక్కలుగా చేయమని లెక్చరర్లని అడిగాం. ఆ తర్వాత నేను రాసిన కోడ్ కొంచెమే: సేవ్ ఫెయిలైతే విద్యార్థికి తెర మీద కనిపించేలా ఒక హెచ్చరిక. ఎవరూ అలాంటిది కావాలని మీటింగ్‌లో అడగలేదు. ఆ టికెట్ రాకపోతే నాకూ తట్టేది కాదు. అందుకే సపోర్ట్‌ని నేను విడి పనిగా చూడను.

మూడిల్ పుట్టుక కూడా ఇలాంటిదే. మార్టిన్ డూగియామస్ ఆస్ట్రేలియాలో పెర్త్‌లోని కర్టిన్ యూనివర్సిటీలో వెబ్‌సీటీ అనే పాత సిస్టమ్‌కి అడ్మిన్‌గా పనిచేశారు. 2002లో మూడిల్ తొలి వెర్షన్ విడుదల చేశారు. అధ్యాపకులు, విద్యార్థులు ఎక్కడ తడబడుతున్నారో రోజూ చూసిన మనిషి చేసిన సిస్టమ్ అది.

ఇక పరీక్ష రోజు. అసలు టెన్షన్ అప్పుడే. 10 గంటలకి క్విజ్ తెరుచుకుంటుందంటే వందల మంది ఒకే క్షణంలో బటన్ నొక్కుతారు. ప్రతి అటెంప్ట్ మొదలవగానే డేటాబేస్‌లోకి బోలెడు సమాచారం రాయాల్సి వస్తుంది. మామూలు రోజుల్లో సర్వర్ హాయిగా ఉందంటే పరీక్ష తట్టుకుంటుందని అర్థం కాదు. జేమీటర్ అంటే ఒకేసారి చాలామంది వాడుతున్నట్టు సర్వర్‌ని పరీక్షించే సాఫ్ట్‌వేర్. మూడిల్‌లోనే దానికి టెస్ట్ ప్లాన్ తయారుచేసే టూల్ ఉంది, దానితో ముందే లోడ్ టెస్ట్ చేయండి. సెషన్లని (ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారనే సమాచారం) రెడిస్‌లో, అంటే మెమరీలోనే డేటా ఉంచే వేగమైన స్టోర్‌లో పెట్టండి. పేజీకి ఒకే ప్రశ్న పెడితే కాపీ కొట్టరని చాలామంది నమ్మకం. దానివల్ల పేజీ రిక్వెస్టులు అన్ని రెట్లు పెరుగుతాయి, నెట్ సరిగ్గా లేని విద్యార్థికి ప్రతి పేజీ ఒక గండం. పేజీకి నాలుగైదు ప్రశ్నలు పెట్టమని నేను గట్టిగా చెప్తాను. రాసిన జవాబులు ఎలాగూ మామూలుగా నిమిషానికోసారి ఆటోసేవ్ అవుతాయి.

క్రాన్ మాట మరవకండి, అంటే సర్వర్‌లో వెనక పనుల్ని వేళకి తనంతట తానే నడిపేది. అది నిమిషానికోసారి నడవాలి. ఆగిపోతే సైట్ పైకి బాగానే కనిపిస్తుంది. కానీ నెట్ పోయి బ్రౌజర్ మూసుకుపోయిన విద్యార్థి అటెంప్ట్‌ని గడువు అయ్యాక సబ్మిట్ చేసేది క్రానే. అది నడవకపోతే ఆ పేపరు 'ఇంకా జరుగుతోంది' అనే స్థితిలోనే ఉండిపోతుంది, మార్కులు రావు. క్రాన్ చివరిసారి ఎప్పుడు నడిచిందో చూసి, ఆలస్యమైతే మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టుకోండి. మొదటి నెలలో చేయాల్సిన పనుల్లో నేనైతే దీన్నే ముందు పెడతాను.

బయటి టూల్స్‌ని ఎల్‌టీఐతో (వాటిని ఎల్‌ఎంఎస్‌కి జోడించే ప్రమాణం) కలిపినప్పుడు "లాగిన్ మళ్లీ మళ్లీ అడుగుతోంది" అని టికెట్ వస్తే ముందు బ్రౌజర్ ఏదో అడగండి. సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలని (మీరు తెరిచిన సైట్ కాక వేరే సైట్ బ్రౌజర్‌లో దాచే గుర్తులు) పూర్తిగా ఆపేస్తోంది, ఐఫ్రేమ్‌లో, అంటే పేజీ లోపలి పేజీగా తెరిచే టూల్ అక్కడ చిక్కుకుంటుంది. కొత్త విండోలో తెరిచేలా మారిస్తే చాలావరకు తీరిపోతుంది.

టికెట్లు రాని సమస్యలు కూడా ఉంటాయి, నాకు ఎక్కువ బాధ కలిగించేవి అవే. చూపు లేని విద్యార్థులు ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో (తెర మీది అక్షరాలని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కోర్సు చదువుకుంటారు. లెక్చరర్ పుస్తకం పేజీలు స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడితే అందులో అక్షరాలే ఉండవు, అన్నీ బొమ్మలే. స్క్రీన్ రీడర్‌కి చదవడానికి ఏమీ దొరకదు. చాలామంది ఫిర్యాదు చేయరు, స్నేహితుల చేత చదివించుకుని నెట్టుకొస్తారు. చేరిన కొత్తలోనే ఒక పూట మానిటర్ ఆపేసి, ఎన్‌వీడీఏ పెట్టుకుని, కీబోర్డ్‌తో మాత్రమే ఒక అసైన్‌మెంట్ సబ్మిట్ చేసి చూడండి. వెబ్‌సైట్లు వికలాంగులకీ వాడుకునేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ 2.2 నిబంధనలు 2023లో వచ్చాయి, అవి కూడా చదవండి. కానీ ఆ పూట నేర్చుకునేది వేరుగా ఉంటుంది. మీరు ఏ ప్లగిన్ రాసినా ఈ పరీక్ష దాటాకే పెట్టండి.

డెవలప్‌మెంట్ వైపు నా మాట ఒక్కటే: కోర్ ఫైళ్లని, అంటే మూడిల్ సొంత అసలు కోడ్‌ని ముట్టుకోవద్దు. ఎవరు ఎంత తొందరపెట్టినా సరే. మూడిల్ ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లు వస్తాయి. కోర్‌లో చేసిన ప్రతి మార్పునీ ప్రతి అప్‌గ్రేడ్‌లో మళ్లీ మోయాల్సి వస్తుంది. కావాల్సింది ప్లగిన్‌గా రాయండి. బయటి ప్లగిన్ పెట్టేముందు దాన్ని ఇంకా ఎవరైనా చూసుకుంటున్నారా అని చూడండి. రాసినవాళ్లు వదిలేస్తే ఆ భారం మీ నెత్తినే పడుతుంది.

లెక్చరర్లతో మాట్లాడేటప్పుడు "మీరు తప్పుగా నొక్కారు" అనే మాట వద్దు. ఒకే తప్పు ముగ్గురు చేశారంటే ఆ స్క్రీన్ మార్చాలని అర్థం. కోర్సు లింకు, సమయం, బ్రౌజర్, స్క్రీన్‌షాట్ అడగండి. పాస్‌వర్డ్ ఎప్పుడూ అడగొద్దు. 'లాగిన్ యాజ్' (వేరొకరి ఖాతాలోకి వాళ్లలా ప్రవేశించే సదుపాయం) వాడాల్సి వస్తే చెప్పి వాడండి, వాళ్ల పేరు మీద ఏదీ సబ్మిట్ చేయకండి.

ఇంటర్వ్యూలో మీరూ మూడు ప్రశ్నలు అడగండి: పరీక్ష రోజు ఫోన్ ఎవరికి వస్తుంది, స్టేజింగ్ సర్వర్ (మార్పుల్ని అసలు సైట్‌లో పెట్టేముందు పరీక్షించే నకలు) ఉందా, బ్యాకప్ నుంచి సైట్‌ని తిరిగి నిలబెట్టి చూసింది ఎప్పుడు. మొదటిదానికి "మీ ఒక్కరికే" అంటే ఇంకో మనిషిని ఇస్తారేమో అప్పుడే అడగండి. మిగతా రెండూ లేవన్నా ఫర్వాలేదు, చేరాక మీరే మొదలుపెట్టవచ్చు. వాటికి సమయం ఇస్తామని మాత్రం ముందే మాట తీసుకోండి.